లండన్‌లో చదివిన ముత్తాత ఫైలు వెతకడం ఎలా

మా ముత్తాత సీమలో చదివాడట, బారిస్టరో డాక్టరో సరిగ్గా తెలీదు... ఈ మాట మీ ఇంట్లోనూ ఉందా? అయితే దాన్ని కాగితం మీద పట్టుకునే వీలుంది. 1909 నుంచి ఇండియా ఆఫీసు, అంటే లండన్‌లో కూర్చుని మన దేశం వ్యవహారాలు చూసిన బ్రిటిష్ ప్రభుత్వ శాఖ, మన విద్యార్థుల కోసమే లండన్‌లో ఒక విభాగం నడిపింది, సర్కారు ఆఫీసు అన్నాక ఫైలు పుట్టకుండా ఉండదు కదా.

వెతకడం మొదలుపెట్టే ముందు ఆ ఆఫీసు స్వభావం తెలియాలి. కాలేజీ సీటు ఎలా తెచ్చుకోవాలో చెప్పేది, బస చూపించేది, తండ్రి కోరితే కుర్రాడికి గార్డియన్‌గా ఉండి ఇంటినుంచి వచ్చే డబ్బు చూసుకునేది. మొదటి సలహాదారు థామస్ ఆర్నల్డ్, లాహోర్‌లో కవి ఇక్బాల్‌కి పాఠాలు చెప్పినాయన. ఇదంతా బాగానే ఉంది గానీ, దీని వెనక 1907 నాటి లీ వార్నర్ కమిటీ ఉంది, మన కుర్రాళ్ళు అక్కడ ఏ రాజకీయాల్లో పడుతున్నారోనన్న భయం ఉంది. ఆ కమిటీ రిపోర్టును 1922లో, మన విద్యార్థుల మీదే వేసిన లిట్టన్ కమిటీ రిపోర్టుకి అనుబంధంగా వేసేదాకా బయటపెట్టనేలేదు. 1909 జులై 1న లండన్‌లో చదువుతున్న మదన్‌లాల్ ధింగ్రా ఇండియా ఆఫీసు అధికారి కర్జన్ వైలీని కాల్చి చంపాక అనుమానాలు రెండువైపులా ముదిరాయి, సాయం పేరుతో కాపలా కాస్తున్నారని విద్యార్థులు అనుకునేవాళ్ళు. అందుకే మీరు సాయం ఫైళ్ళూ చూడాలి, నిఘా ఫైళ్ళూ చూడాలి. ఒకదాంట్లో దొరకనివాడు రెండోదాంట్లో దొరకొచ్చు.

అన్నిటికన్నా టైమ్ తినేసేది పేరు స్పెల్లింగ్. ఇప్పటి స్పెల్లింగ్‌తో కొడితే ఏమీ రాదు, వచ్చినా మీవాడు కాడు. రావు అంటే అప్పట్లో ఎక్కువగా ఆర్-ఓ-డబ్ల్యూ. రెడ్డి చివర వై బదులు ఐ, నాయుడు మధ్యలో వై, కృష్ణ ఉన్నచోట ‘కిస్ట్నా’. ఊళ్ళూ అంతే, కాకినాడ అని కాదు ‘కోకనాడ’ అని, విజయవాడని ‘బెజవాడ’ అని, బందరుని ‘మసూలిపటం’ అని వెతకాలి. ఇంటిపేరు పొట్టి అక్షరంగా మారిపోయి అసలు పేరే ఇంటిపేరు గడిలోకి ఎక్కి కూర్చుంటుంది. వచ్చే స్పెల్లింగులన్నీ ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకుని ఒక్కోటీ కొడుతూ పోండి, విసుగే కానీ వేరే దారి లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గానీ నిజాం రాజ్యం నుంచి గానీ వెళ్ళినవాళ్ళయితే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులు చూడాలి. 1880 నుంచి 1930 దాకా పబ్లిక్ అండ్ జుడీషియల్ శాఖ ఫైళ్ళు ఎల్/పీజే/6 వరుసలో, నిఘా సరుకు ఎల్/పీజే/12లో ఉంటాయి. అందరి పేరునా ఫైలు ఉంటుందని ఆశపడకండి. బుద్ధిగా చదువుకుని ఇంటికొచ్చినవాడి గురించి ఎవరు ఉత్తరాలు రాస్తారు? డబ్బులు అయిపోయి చిక్కుకున్నవాడూ, గొడవపడినవాడూ, మీటింగులకి తిరిగినవాడూ దొరుకుతారు. 1920లో లండన్‌లో ఇండియా హైకమిషనర్ ఆఫీసు పెట్టాక విద్యార్థుల పని అక్కడికి మారింది, ఆ ఏడాది తర్వాత వెళ్ళినవాళ్ళకి ఇది గుర్తుంచుకోండి. ఇంకో సంగతి, 2023 అక్టోబరులో సైబర్ దాడితో ఆ లైబ్రరీ కేటలాగు చాలాకాలం దెబ్బతింది, కాబట్టి మెయిల్ పెట్టి కనుక్కోకుండా టికెట్ కొనేయకండి.

ఫైళ్ళలో క్రామ్వెల్ అనే మాట తగిలితే ఆగి చూడండి. 21, క్రామ్వెల్ రోడ్ అంటే సౌత్ కెన్సింగ్టన్‌లో సర్కారు వారి విద్యార్థి కేంద్రం. 65, క్రామ్వెల్ అవెన్యూ అంటే హైగేట్‌లో జాతీయవాది శ్యామ్‌జీ కృష్ణవర్మ 1905లో తెరిచిన విద్యార్థుల హాస్టల్, ఇండియా హౌస్. మొదటిది సర్కారు నీడ, రెండోది సర్కారుకి కంట్లో నలుసు. మీ ముత్తాత ఏ క్రామ్వెల్‌కి వెళ్ళేవాడో తేలితే కథ సగం తెలిసినట్టే.

మారిషస్, మలయా, ఫిజీ తెలుగు కుటుంబాల వాళ్ళు మాత్రం ఇండియా ఆఫీసు జోలికి పోనక్కర్లేదు. ఆ దేశాలు కలోనియల్ ఆఫీసు, అంటే మిగతా వలసల్ని చూసే బ్రిటిష్ శాఖ కింద ఉండేవి, దాని కాగితాలు లండన్ శివారులో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1942 తర్వాత వెళ్ళినవాళ్ళకి సీవో 876 వరుస చూడండి, విద్యార్థుల సంక్షేమం అందులో ఉంటుంది. 1950 జనవరి నుంచి బస, ఆదరణ లాంటి పనులు బ్రిటిష్ కౌన్సిల్‌కి అప్పగించారు కనుక దాని ఫైళ్ళు, అంటే బీడబ్ల్యూ అక్షరాలతో మొదలయ్యేవి, కూడా అడగండి. రంగూన్ తెలుగువాళ్ళది మధ్యస్థం: బర్మా 1937లో విడిపోయింది గానీ ఆ రికార్డులు కూడా బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి.

క్యూ ఆర్కైవ్స్‌లో రీడర్ టికెట్ ఉచితం, గుర్తింపు కాగితం ఒకటి, చిరునామా కాగితం ఒకటి పట్టుకెళ్ళండి. మీ ఫోన్‌తో ఫోటోలు తీసుకోవచ్చు.

బారిస్టర్ అని చెప్పుకున్నవాళ్ళని తేల్చడం తేలిక. లండన్‌లో బారిస్టర్లని తయారుచేసే సంస్థల్లో ఒకటైన ఇన్నర్ టెంపుల్ పాత అడ్మిషన్ల జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, తండ్రి పేరు కూడా ఉంటే రావు స్పెల్లింగ్ టెన్షన్ తీరిపోతుంది. బ్రిటన్ వచ్చిన ఓడ ప్రయాణికుల జాబితాలు క్యూ ఆర్కైవ్స్‌లోని బీటీ 26 వరుసలో 1878 నుంచి ఉన్నాయి. అందులో కనపడకపోతే కంగారుపడకండి, చాలామంది మార్సెయ్‌లో ఓడ దిగి రైల్లో వెళ్ళేవారు.

లండన్ వెళ్ళే స్తోమత లేదంటారా, చాలా పని ఇక్కడే అవుతుంది. ‘అభిలేఖ్ పటల్’ అనే సైట్‌లో ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్ళు ఇంట్లో కూర్చుని చదవొచ్చు. మద్రాసు సర్కారు విద్యాశాఖ జీవోలకి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్, నిజాం స్కాలర్‌షిప్ మీద వెళ్ళినవాళ్ళకి తార్నాకలోని తెలంగాణ ఆర్కైవ్స్. సరోజినీ నాయుడు 1895లో ఇంగ్లండ్ వెళ్ళింది నిజాం స్కాలర్‌షిప్ మీదే. తార్నాకకి ఉర్దూ చదవగలిగినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి, వీలైతే ఫారసీ కూడా వచ్చినవాళ్ళని.

ఎక్కడ ఫోటో తీసినా మొదటి ఫోటో ఫైలు అట్ట మీది నంబరుదే కావాలి, లేకపోతే నెల తర్వాత ఏ ఉత్తరం ఏ కట్టలోదో మీకే తెలీదు.