ఎనిమిది బైట్ల తేడా

ఉబుంటులో నాస్మ్ అనే అసెంబ్లర్‌తో 64 బిట్ల అసెంబ్లీ (ప్రాసెసర్‌కు నేరుగా ఆదేశాలు రాసే భాష) నేర్చుకుంటున్నాను. అక్షరాలను తెర మీదికి రప్పించడం మొదటి రోజే వచ్చింది. సంఖ్యలతోనే తంటా. వాటిని అంకె తర్వాత అంకెగా అక్షరాల్లోకి మార్చే పని మనమే చేసుకోవాలి. బద్ధకించి, ఆ పని చేసిపెట్టే ప్రింటెఫ్ అనే ఫంక్షన్‌ను సీ లైబ్రరీ నుంచి పిలిచాను. వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (మెమరీ తప్పుతో ప్రోగ్రామ్ ఆగిపోవడం)!

రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదులు) సరిగ్గానే నింపాను: ఆర్‌డీఐలో ఫార్మాట్ చిరునామా, ఆర్‌ఎస్‌ఐలో సంఖ్య, ఈఏఎక్స్‌లో సున్నా. పదిసార్లు చూసినా తప్పు దొరకలేదు. అదే ప్రోగ్రామ్ మిత్రుడి కంప్యూటర్‌లో హాయిగా నడిచేసరికి నా యంత్రం మీదే అనుమానం వచ్చింది. పాపం, దాని తప్పేమీ లేదు.

చివరికి తప్పులు వెతికే సాధనం జీడీబీలో నడిపాను. నా కోడ్‌లో కాదు, లైబ్రరీ లోపల ‘మూవ్‌ఏపీఎస్’ అనే ఆదేశం దగ్గర ఆగిపోయింది. ఆ ఆదేశం తాకే మెమరీ చిరునామా 16తో నిశ్శేషంగా భాగింపబడాలి. నా ప్రోగ్రామ్‌లోని ప్రధాన ఫంక్షన్ మెయిన్ మొదట్లో ఆగి, స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) కొన చిరునామా ఉండే ఆర్‌ఎస్‌పీ రిజిస్టర్ విలువ చూస్తే హెక్సాడెసిమల్‌లో చివరి అంకె 8! అంటే అది 16తో భాగింపబడదు.

నియమం ఇదీ: ఏ ఫంక్షన్‌నైనా పిలిచే క్షణంలో ఆర్‌ఎస్‌పీ 16కు గుణిజంగా ఉండాలి. కానీ మెయిన్‌ను పిలిచిన ‘కాల్’ ఆదేశమే తిరుగు చిరునామా కోసం స్టాక్‌లో 8 బైట్లు వాడేస్తుంది. అంటే మన చేతికి వచ్చేసరికే 8 బైట్ల తేడా ఉంటుంది.

మెయిన్ మొదట్లో ‘సబ్ ఆర్‌ఎస్‌పీ, 8’ (8 తీసివేత), తిరిగి వెళ్లే ‘రెట్’ ఆదేశానికి ముందు ‘యాడ్ ఆర్‌ఎస్‌పీ, 8’ (8 కూడిక) చేర్చాను. తెర మీద 42 కనిపించింది. మిత్రుడి లైబ్రరీ వెర్షన్‌లో ఆ దారిలో మూవ్‌ఏపీఎస్ తగల్లేదేమో, అతని ప్రోగ్రామ్‌లోనూ ఆ రెండు వరుసలు పెట్టించాను.