మండలాల పట్టికలు కలిపితే వరసలు తగ్గిపోతున్నాయా?

సమస్య: ఒక పట్టికలో కోనసీమ మండలాల సార్వా విస్తీర్ణం, ఇంకోదాంట్లో వర్షపాతం. గణాంకాలకు వాడే ఆర్ (R) భాషలో, పట్టికలు కలిపే మెర్జ్ (merge) ఫంక్షన్‌తో మండలం పేరు మీద కలిపాను. 22 వరసలు ఇస్తే 19 వచ్చాయి. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. లెక్కపెట్టి చూసుకోకపోతే ఆ మూడు మండలాల వరి లెక్కలోంచి పోయినట్టే.

కారణం: మెర్జ్‌కి ఏమీ చెప్పకపోతే రెండు పట్టికల్లోనూ ఉన్న పేర్లనే ఉంచుతుంది. మన కంటికి ఒకటే అనిపించే పేరు దానికి వేరు. ఇంగ్లీషులో రాజోలును ఒక పట్టిక జడ్‌తో రాసింది, రెండోది జేతో. పి.గన్నవరంలో చుక్క తర్వాత ఒకచోట ఖాళీ ఉంది. అమలాపురం చివర కనబడని స్పేస్.

పరిష్కారం: ముందు మెర్జ్‌లోని ఆల్.ఎక్స్ (all.x) అనే ఆప్షన్‌కి ట్రూ (TRUE) ఇవ్వండి. మొదటి పట్టిక వరసలన్నీ నిలుస్తాయి, జత దొరకనిచోట ఎన్ఏ (NA), అంటే విలువ లేదని గుర్తు, పడుతుంది. తర్వాత డిప్లయర్ (dplyr) అనే ఆర్ ప్యాకేజీలోని యాంటీ_జాయిన్ (anti_join)తో జత కుదరని పేర్లు బయటికి తీయండి, పట్టికలు తారుమారు చేసి ఇంకోసారి తీయండి. ట్రిమ్‌డబ్ల్యూఎస్ (trimws) ఫంక్షన్ పేరుకి ముందూ చివరా ఉన్న ఖాళీలే తీస్తుంది. మధ్యలోవాటికి, ఒక అక్షరం బదులు ఇంకోటి పెట్టే జీసబ్ (gsub) వాడాలి.

తొందరపడి ఇంటిపేర్లలాంటి ఆ పొడి అక్షరాలు మాత్రం కొట్టేయకండి. పి.గన్నవరంలో 'పి' తీస్తే అది విజయవాడ పక్కన ఉన్న గన్నవరం అవుతుంది. ఐ.పోలవరం కాస్తా ప్రాజెక్టు కడుతున్న పోలవరం అవుతుంది. జత కుదురుతుంది, కానీ తప్పు ఊరితో. వరస పోవడం కన్నా ఇది ప్రమాదం. అందుకే పేరు కన్నా మండలం కోడ్ మీద కలపడమే నయం. కోడ్ ఒకచోట 07 అనే టెక్స్ట్‌గా, ఒకచోట 7 అనే అంకెగా ఉంటే ముందు రెంటినీ ఒకే రకానికి మార్చుకోండి.

వరసలు తగ్గక పెరిగితే? వర్షపాతం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకో వరసగా ఉందన్నమాట. ప్రతి మండలం నాలుగుసార్లు వస్తుంది, విస్తీర్ణం కూడితే నాలుగింతలవుతుంది. ముందే మండలానికి ఒక వరసగా వర్షం మొత్తం కట్టి, ఒకే మండలం రెండుసార్లు వచ్చిందేమో డూప్లికేటెడ్ (duplicated) ఫంక్షన్‌తో సరిచూసి కలపండి.

ఒక్క వరసా రాకపోతే జిల్లా కాలమ్ చూడండి. ఏ కాలమ్ మీద కలపాలో చెప్పే బై (by) ఇవ్వకపోతే మెర్జ్ ఒకే పేరున్న కాలమ్‌లన్నిటినీ సరిపోల్చుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి కాబట్టి, పాత పట్టికలో అమలాపురం తూర్పు గోదావరి, కొత్తదాంట్లో కోనసీమ. బైలో మండలం కోడ్ ఒక్కటే ఇవ్వండి.