తుఫాన్లు వచ్చేలోపు డేటాబేస్ సర్వర్ మారుస్తున్నారా? ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఎంచుకునే ముందు జాగ్రత్తలు

నెల్లూరు, ఒంగోలు వైపు మిల్లులు, రొయ్యల కంపెనీలు సర్వర్ మార్చాలనుకుంటే అక్టోబరు లోపే ముగించడం మంచిది.

• సెంటోఎస్ 7 అనే పాత లినక్స్‌లోని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఫోల్డర్‌ను కొత్త లినక్స్‌లోకి యథాతథంగా కాపీ చేయకండి. లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 వెర్షన్‌తో అక్షరాల వరుసక్రమం మారింది కాబట్టి అక్షరాలపై కట్టిన పాత ఇండెక్సులు (డేటాబేస్ వెతకడానికి వాడే సూచికలు) తప్పొచ్చు. ఎర్రర్ కూడా రాదు. ఉన్న రైతు పేరే వెతికితే దొరకకపోవచ్చు, ఒకే బిల్లు నంబరు రెండుసార్లు ఎక్కొచ్చు. డంప్ (డేటా మొత్తాన్ని ఒక ఫైలుగా) తీసి, కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేయండి. ఫోల్డరే తేవాల్సి వస్తే, ఎవరినీ లాగిన్ కానివ్వకముందే రీఇండెక్స్ చేయండి, అంటే ఇండెక్సులను మళ్లీ కట్టించండి.

• సపోర్ట్ గడువు చూడండి. సెంటోఎస్ 7కు 2024 జూన్ 30తోనే అయిపోయింది. విండోస్ సర్వర్ 2016కు 2027 జనవరి 12 వరకే.

• మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 వెర్షన్ నుంచి లినక్స్‌పైనా నడుస్తుంది, కానీ దాని రిపోర్టులు తీసే భాగం రిపోర్టింగ్ సర్వీసెస్‌కు విండోస్ కావాల్సిందే.

• రాత్రి కరెంటు పోయి సర్వర్ లేవకపోతే వచ్చి సరిచేసే మనిషికి ఏ ఓఎస్ వచ్చు? నా దృష్టిలో స్పీడ్ కన్నా ఇదే ముఖ్యం. వానల్లో హైదరాబాద్ నుంచి మనిషి వచ్చేదాకా కాటా ఆగదు.

• యూపీఎస్ సాఫ్ట్‌వేర్ ఆ ఓఎస్‌పై పనిచేయాలి. బ్యాటరీ అయిపోయేలోపు డేటాబేస్‌ను పద్ధతిగా ఆపేది అదే.