ఎలక్ట్రిక్ స్కూటర్ పవర్ పెంచడం – మూడో పాఠం: కరెంటు లెక్క, కంట్రోలర్, మోటారు

రెండో పాఠంలో ఐదు లెడ్ యాసిడ్ బ్యాటరీలు దించేసి, వాటి చోట లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ పెట్టాం. 32700 సైజు, 6 ఆంపియర్ అవర్ల సెల్లు ఐదేసి సమాంతరంగా కలిపి, అలాంటి జట్లు 20 వరుసగా పేర్చాం. మొత్తం 100 సెల్లు. మామూలు వోల్టేజీ 64, ఫుల్ ఛార్జిలో 73, సామర్థ్యం 30 ఆంపియర్ అవర్లు, ప్యాక్‌ను కాపాడే సర్క్యూట్, అంటే బీఎంఎస్, 50 ఆంపియర్లది. పాత ఛార్జర్ ఇక ఈ బండికి పనికిరాదు. 73 వోల్టుల దగ్గర ఆగే లిథియం ఛార్జర్ మాత్రమే వాడాలి.

పని మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం లోపు ఉన్నందువల్లే ఈ బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. మోటారు మార్చిన క్షణం నుంచి ఆ మినహాయింపు పోతుంది. ఆమోదం, నంబరు, ఇన్సూరెన్సు లేకుండా ప్రజా రహదారి ఎక్కకూడదు. ఇప్పటికే రిజిస్టరైన బండి అయితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అంచేత తోటలో, ఫ్యాక్టరీ ఆవరణలో, సొంత స్థలంలో తిరిగే బండి కోసమే ఈ పాఠం.

ఎంత పవర్ కావాలో ముందు తేల్చుకోవాలి. షాపులో అడిగితే 2000 వాట్ల మోటారు, 50 ఆంపియర్ల కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె) చేతిలో పెడతారు. లెక్క వేసి చూడండి. బండి, ఇద్దరు మనుషులు కలిపి 180 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు పది మీటర్లు లేచే ఎత్తును గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర దాదాపు 1400 వాట్లు కావాలి. మోటారు, కంట్రోలర్ కలిసి ఐదో వంతు వేడిగా పోగొడతాయి కాబట్టి బ్యాటరీ నుంచి 1750 వాట్లు లాగాలి. లోడులో ప్యాక్ 61 వోల్టులకు దిగిందనుకుంటే అది 29 ఆంపియర్లు. చదును నేల మీద 45 కిలోమీటర్ల వేగానికి 20 ఆంపియర్లు చాలు. కాబట్టి మనకు చక్రంలోనే ఇమిడి ఉండే 1200 వాట్ల హబ్ మోటారు, 30 ఆంపియర్ల కంట్రోలర్ సరిపోతాయి. 50 ఆంపియర్లది పెడితే ఒరిగేది మొదటి రెండు సెకన్ల పికప్ మాత్రమే. ఆ కొద్దిపాటి సరదాకు మిగతావన్నీ మార్చుకోవాల్సి వస్తుంది.

ఆ మిగతావాటిలో మొదటివి వైర్లు. పాత కంట్రోలర్ 15 ఆంపియర్లు లాగేదనుకోండి, ఇప్పుడు 30. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు అవుతుంది. వదులుగా ఉన్న ఒక లగ్గు (వైరు కొసకు బిగించే లోహపు ముక్క) దగ్గర 10 మిల్లీఓమ్‌ల నిరోధం ఉంటే ఇన్నాళ్లూ అక్కడ పుట్టిన వేడి రెండు వాట్ల పైచిలుకే, ఎవరికీ తెలియలేదు. ఇకపై అదే చోట 9 వాట్లు. ప్లాస్టిక్ కనెక్టర్ మెత్తబడటానికి అది చాలు. మెత్తబడ్డ కనెక్టర్‌లో పట్టు ఇంకా సడలుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి మరింత పెరుగుతుంది. పవర్ పెంచిన బండ్లలో ముందు కాలేవి ఎక్కువగా ఈ జాయింట్లే. అందుకే బ్యాటరీ నుంచి కంట్రోలర్ దాకా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయండి. లగ్గులను కటింగ్ ప్లేయర్‌తో నొక్కి సరిపెట్టకుండా క్రింపింగ్ టూల్‌తో బిగించండి. బిగించాక గట్టిగా లాగి చూడండి. కదిలితే కోసేసి కొత్త లగ్గు వేయాలి.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి. 40 ఆంపియర్లు, 80 వోల్టుల డీసీకి తగ్గనిది కావాలి. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులు మామూలుగా 32 వోల్టులవి. అవి తెగినా మధ్యలో మెరుపు ఆగక కరెంటు పారుతూనే ఉండొచ్చు. ఇంటి స్విచ్‌బోర్డులోని ఏసీ ఎమ్‌సీబీతోనూ అదే ప్రమాదం. డీసీ అని రాసి ఉన్నదే కొనాలి.

కంట్రోలర్ కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. లోపలి పెద్ద కెపాసిటర్ మీద 100 వోల్టులు అని ఉంటే నిశ్చింత, 80 అయితే అంచున ఉన్నట్టు, 63 అయితే వద్దు. మన ప్యాక్ 73 దాకా వెళుతుంది కదా. రెండోది, లో వోల్టేజీ కట్, అంటే ప్యాక్ వోల్టేజీ ఎంతకు దిగితే కంట్రోలర్ ఆగిపోతుందో ఆ హద్దు. 60/72 అని రాసి అమ్మేవాటిలో కొన్ని 72 సెట్టింగులో వస్తాయి, 63 వోల్టుల దగ్గర ఆగిపోతాయి. ప్యాక్ సగం నిండి ఉండగానే ఎత్తు మీద బండి ఆగిపోతే కారణం తరచుగా ఇదే, బ్యాటరీని తిట్టి లాభం లేదు. 52 దరిదాపుల్లో కట్ అయ్యేలా మార్చుకోవాలి. మూడోది, బ్రేకు వేసినప్పుడు తిరిగి ఛార్జ్ చేసే రీజెన్. ప్యాక్ నిండుగా ఉన్నప్పుడు రీజెన్ కరెంటు వస్తే బీఎంఎస్ దారి మూసేస్తుంది, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి మాస్‌ఫెట్లు (కంట్రోలర్ లోపల కరెంటును ఆన్, ఆఫ్ చేసే భాగాలు) పోవచ్చు. ప్రస్తుతానికి ఆపేసి ఉంచండి.

కంట్రోలర్‌ను ప్యాక్‌కు తగిలించేటప్పుడు 100 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో ప్యాక్ ప్లస్, కంట్రోలర్ ప్లస్ కొసలను మూడు సెకన్లు కలిపి ఉంచి, తర్వాత అసలు కనెక్టర్ నొక్కండి. లేకుంటే ఖాళీ కెపాసిటర్లు ఒక్కపెట్టున కరెంటు గుంజి, టప్పుమని నిప్పురవ్వ లేచి పిన్ను అంచు తినేస్తుంది. ఉంగరం, వాచీ తీసేసి, స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టి కూర్చోండి.

ఇక మోటారు. పాత చక్రం విప్పి మూడు కొలతలు రాసుకోండి: యాక్సిల్ చదును ముఖాల మధ్య మందం, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) లోపలి వెడల్పు, బ్రేకు డ్రమ్ము వ్యాసం. ఈ మూడూ కలవని మోటారు ఎంత చవకైనా వదిలేయండి. స్వింగార్మ్ గాడిలో యాక్సిల్ కాస్త ఆడినా పికప్ ఇచ్చినప్పుడు అది తనంతట తాను తిరిగి, లోపలి నుంచి వచ్చే వైర్లను మెలిపెట్టి తెంపేస్తుంది. యాక్సిల్ తిరగకుండా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ తప్పనిసరి. వైరు బయటికొచ్చే చోట కిందికి ఒక వంపు వదలండి. లేకుంటే వాన నీరు వైరు వెంబడి మోటారులోకి దిగుతుంది.

బండిని సెంటర్ స్టాండ్ వేసి, చక్రం గాల్లో ఉండగా హాల్ సెన్సర్లు (మోటారు ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేవి) పరీక్షిద్దాం. కంట్రోలర్ నుంచి మోటారుకు కరెంటు తెచ్చే మూడు లావు వైర్లను, అంటే ఫేజ్ వైర్లను, ఇంకా కలపొద్దు. తాళం చెవి తిప్పి ఆన్ చేసి, హాల్ కనెక్టర్ ఎరుపు, నలుపు వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే 5 వోల్టులు చూపాలి. తర్వాత నలుపు మీద ఒక ప్రోబ్ ఉంచి, రెండోది పసుపు హాల్ వైరు మీద పెట్టి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. అంకె సున్నాకు పడి, మళ్లీ 5కు లేస్తుండాలి. ఆకుపచ్చ, నీలం కూడా అంతే. ఏదో ఒకటి కదలకుండా ఉండిపోతే ఆ సెన్సర్ పోయినట్టే, లేదా కనెక్టర్‌లో పిన్ను వెనక్కి జారినట్టు. ముందు పిన్నే చూడండి, మోటారు విప్పే పని తప్పుతుంది.

హాల్ వైర్లు రంగుకు రంగు కలిపి అలాగే ఉంచండి. ఫేజ్ వైర్లు మూడు కాబట్టి ఆరు రకాలుగా కలపొచ్చు. అందులో సరైనది ఒక్కటే. ప్రయోగాల కోసం 40కి బదులు 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, యాక్సిలరేటర్ కొంచెమే తిప్పండి. తప్పు కలయికలో చక్రం వణుకుతుంది, గుర్రుమంటుంది, లేదా తిరుగుతూనే 5 ఆంపియర్లకు మించి లాగుతుంది. తిరిగింది కదా అని ఆగిపోవద్దు. సరిగా కుదిరితే ఖాళీ చక్రం సాఫీగా తిరుగుతుంది, మీటరులో ఒకటి రెండు ఆంపియర్లకు మించదు. సాఫీగానే వెనక్కి తిరిగితే రెండు హాల్ వైర్లు తారుమారు చేసి, ఫేజులు మళ్లీ వెతకాలి. లెర్నింగ్ వైర్లున్న (సరైన కలయికను తనే కనిపెట్టేందుకు రెండు వైర్లు ఇచ్చిన) కంట్రోలర్ అయితే ఈ తిప్పలు లేవు. ఆ రెండూ కలిపి తాళం చెవి ఆన్ చేస్తే చక్రం తనే తిరుగుతుంది. దిశ తప్పయితే విడదీసి మళ్లీ కలపాలి. తర్వాత వాటిని విడదీసి టేపు వేయాలి.

ఫేజ్ వైర్ల గురించి ఒక హెచ్చరిక: కంట్రోలర్ మీద రాసిన 30 ఆంపియర్లు బ్యాటరీ వైపువి. బండి కదిలే క్షణంలో ఫేజుల్లో దానికి రెండు మూడింతలు పారుతుంది. సాదా బుల్లెట్ కనెక్టర్లు అక్కడే నల్లబడతాయి. లగ్గులకు బోల్టు వేసి బిగించి, పైన స్లీవ్ వేయండి.

25 నుంచి 50కి వేగం పెరిగితే బ్రేకు ఆపాల్సిన శక్తి నాలుగింతలు. అరిగిన బ్రేకు షూలతో ట్రయల్‌కు వెళ్లొద్దు.

ట్రయల్ పొద్దున్నే మొదలుపెట్టండి. రెంటచింతల, రామగుండం ఎండల్లో మధ్యాహ్నం గాలే 44, 45 డిగ్రీలుంటుంది. అప్పుడు మోటారు ఎంత వేడెక్కుతోందో అంచనా దొరకదు. ఆ వేడిలో లిథియం ప్యాక్‌ను ఛార్జింగ్ కూడా పెట్టకూడదు. ఐదు నిమిషాలు నడిపి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటారు మూత, ఫేజ్ జాయింట్లు, ఫ్యూజు హోల్డరు చూడండి. మూడు ఫేజ్ జాయింట్లలో ఒకటి మాత్రమే పది డిగ్రీలు ఎక్కువ చూపితే అది సరిగా క్రింప్ కాలేదు. మోటారు మూత 80 దాటితే లోపల చుట్టలు అంతకంటే చాలా వేడిగా ఉన్నట్టు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు ఆ వేడికి బలం కోల్పోతాయి, చల్లారాక కూడా పూర్తిగా తిరిగి రాదు. అలా అయితే కంట్రోలర్ పరిమితిని 25 ఆంపియర్లకు దించండి. మొదటి 20 కిలోమీటర్లు తిరిగాక యాక్సిల్ నట్లను మళ్లీ స్పానర్ వేసి చూడండి, కొత్త వాషర్లు కూర్చున్నాక అవి కొంత వదులు కావచ్చు.