కట్టీ సార్క్‌ను నిలబెట్టిన సీసం

1869లో స్కాట్లాండ్‌లో కట్టిన తేయాకు ఓడ కట్టీ సార్క్‌ను 75వ వంతుకు, 86 సెంటీమీటర్ల పొడవున రిమోట్‌తో నడిచేలా చేశాను. హుస్సేన్‌సాగర్‌లో దింపగానే మొదటి గాలికే పక్కకు పడిపోయింది. తెరచాపలు నీళ్ల మీద తడిబట్టల్లా పరుచుకున్నాయి. ప్రాణం ఉసూరుమంది.

చిక్కంతా లెక్కలోనే ఉంది. కొలతలు తగ్గినప్పుడు తెరచాపల వైశాల్యం వర్గం లెక్కన తగ్గితే, బరువు ఘనం లెక్కన తగ్గుతుంది. వీచే గాలి మాత్రం అదే! బరువు ఎంత కిందికి ఉంటే ఓడ అంత బాగా నిలబడుతుంది. అందుకే నిలకడ కోసం ఓడ పొట్టలో వేసిన సీసమంతా తీసి, అడుగున 20 సెంటీమీటర్ల అల్యూమినియం పట్టీ చివర గుండులా బిగించాను. మొత్తం బరువు దాదాపు మారలేదు కాబట్టి నీటి గీత, అంటే ఓడ మునిగే మట్టం, కూడా పెద్దగా మారలేదు. రెండు బోల్టులు విప్పి పట్టీ తీసేస్తే షోకేసులో అసలు రూపమే.

మళ్లీ దింపాను. బాగా ఒరిగింది, ఒక్క క్షణం ఆగింది, నీళ్లు కారుస్తూ తనంతట తానే లేచింది.