లండన్‌లో పెద్దవాళ్లతో, పిల్లలతో తిరగాలంటే 15వ నంబరు బస్సు

లండన్ ట్యూబ్‌లో (భూగర్భ రైలులో) చాలా స్టేషన్లకు లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మా తాతయ్యలకు ఆ మెట్లే సగం ఓపిక తీసేస్తాయి. టవర్ ఆఫ్ లండన్ దగ్గర 15వ నంబరు బస్సు ఎక్కించండి. సెయింట్ పాల్స్ చర్చి మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్‌కు కూర్చునే చేరొచ్చు. పెద్దవాళ్లను కింద తలుపు దగ్గరి సీట్లలోనే కూర్చోబెట్టండి. కదిలే బస్సులో పై అంతస్తుకు మెట్లెక్కడం ప్రమాదం.

బస్సులో నగదు తీసుకోరు. పెద్దలు ఒక్కొక్కరూ వేరే కాంటాక్ట్‌లెస్ కార్డు ఎక్కేటప్పుడు పసుపు రీడర్‌కు తాకించాలి, దిగేటప్పుడు అక్కర్లేదు. 11 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం. గంటలోపు మరో బస్సెక్కితే మళ్లీ ఛార్జీ పడదు, కాకపోతే మొదట వాడిన కార్డే వాడాలి. ఒకసారి కార్డు, ఇంకోసారి ఫోను తాకిస్తే రెండు ఛార్జీలు పడతాయి.

ఊరేగింపులున్న రోజు, సాయంత్రం రద్దీలో మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. దారి మళ్లిస్తారు, లేదా స్ట్రాండ్ వీధిలో బస్సు కదలదు.