పాత నవలల ముక్కిపోయిన వాసనకు వంటసోడా

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో డ్రాగన్లూ రాకుమారుల ప్రేమకథలూ కనిపిస్తే నాకు బేరమాడటం కూడా గుర్తుండదు. (మూడో భాగమే దొరుకుతుంది, మొదటిది దొరకదు, అది వేరే బాధ.) ఇంటికొచ్చి పేజీ తిప్పితే ముక్కిపోయిన వాసన, తుమ్ములు.

పుస్తకాన్ని విసనకర్రలా విప్పి నిలబెట్టి ఒక పూట ఫ్యాన్ గాలికి ఉంచండి. తర్వాత మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో అలాగే నిలబెట్టి, పక్కన చిన్న గిన్నెలో నాలుగు చెంచాల వంటసోడా పెట్టి మూతేయండి. పేజీల మీద చల్లొద్దు, సందుల్లో ఇరుక్కుంటే ఓ పట్టాన రాదు. మూడు నాలుగు రోజులకు వాసన చాలావరకు పోతుంది. మొండిదైతే సోడా మార్చి ఇంకో మూడ్రోజులు.

వానకు తడిసి బూజు మచ్చలు పడ్డ పుస్తకానికి మాత్రం ఇది పనిచేయదు. దాన్ని మిగతావాటితో ఒకే డబ్బాలో పెట్టకండి, బూజు వాటికీ అంటుకుంటుంది.